రెండో పద్ధతి కింద మా అమ్మాయి

అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై తొమ్మిదేళ్లు అర్థశాస్త్రం చెప్పాను. ప్రపంచ వాణిజ్య సంస్థ పాఠం వచ్చినప్పుడల్లా, 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన సేవల వాణిజ్య ఒప్పందం సేవలు దేశం దాటే తీరును నాలుగు పద్ధతులుగా విడదీసిందని బోర్డు మీద రాసి, రెండో పద్ధతికి ఉదాహరణగా ప్రతి ఏడాదీ ఒకే మాట చెప్పేవాణ్ని: మీలో ఒకరు చదువు కోసం ఆస్ట్రేలియా పోతే, ఆ దేశం మనకు విద్యను ఎగుమతి చేసినట్టు లెక్క. మనిషి ఇక్కణ్నుంచి పోతుంటే ఎగుమతి వాళ్లదెట్లా అవుతుంది సార్ అని వెనక బెంచీల నుంచి ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. డబ్బు ఏ వైపు పోతుందో చూడండి, అర్థమవుతుంది అనేవాణ్ని. 2023 మే నెలలో హైదరాబాద్ నుంచి సెలవు మీద వచ్చిన మా అమ్మాయి, రాత్రి మిద్దె మీద కూర్చుని మామిడి పండ్లు కోస్తున్నప్పుడు, "నాన్నా, నేను ఎం.ఎస్. చేద్దామనుకుంటున్నా" అన్న క్షణంలో, అన్నేళ్లు చెప్పిన ఆ ఉదాహరణ నా ఇంటికే వచ్చింది.

ఆమె ఇక్కడికి దగ్గరలోనే ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, 8.0 సీజీపీఏతో బయటికి వచ్చి, రెండేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. నాకు కళ్యాణదుర్గం వైపు ఐదెకరాల మెట్ట పొలం, టౌన్‌లో అప్పు తీరిన ఇల్లు ఉన్నాయి. మూడేళ్లకు ఒకసారి చెనక్కాయ సరిగా పండితే పండినట్టు. ఈ లెక్క అమ్మాయికీ తెలుసు. అందుకే ఆమె దేశం పేరు చెప్పలేదు. ఎక్కడ కుదిరితే అక్కడ అంది.

మా ఇంట్లో దేశం పేరు అప్పటికే ఖాయమై ఉంది. మా ఆవిడ అన్న కొడుకు డాలస్‌లో ఉన్నాడు, ఆ వీధిలోనే ధర్మవరం వాళ్లు రెండు కుటుంబాలు, తాడిపత్రి వాళ్లు ఒక కుటుంబం ఉన్నారు. మన వాళ్లున్న చోటికి పంపడంలో ఒక ధైర్యం ఉంటుంది, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. ఏ ఒప్పందమూ లేకపోయినా తెలుగు పిల్లలు అమెరికాకే ఎక్కువగా పోవడానికి సగం కారణం, ముందు పోయిన వాళ్లు వెనక వచ్చే వాళ్లకు గది చూసి పెట్టడమే. 2023-24లో అక్కడ చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చిన సంవత్సరమది. కానీ ఆ ఖర్చుకు ఇల్లూ పొలమూ రెండూ చాలవని నాకు మొదటి రాత్రే తెలుసు.

జులైలో సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ఎదురుగా కూర్చున్న అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. బడ్జెట్ ఎంత, బ్యాక్‌లాగులు ఎన్ని, గ్యాప్ ఎంత అని మూడే ప్రశ్నలు అడిగి, బ్రిటన్‌వి నాలుగు, ఆస్ట్రేలియావి మూడు విశ్వవిద్యాలయాల పేర్లు రాసిచ్చింది. జర్మనీ సంగతి ఏమిటని అమ్మాయి అడిగితే, "భాష చాలా కష్టం మేడం, పార్ట్‌టైం కూడా దొరకదు" అని మాట దాటేసింది. ఆ జాబితాలోని విశ్వవిద్యాలయాలు తమ దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ కన్సల్టెన్సీకి కమీషన్ ఇస్తాయని, జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అలా ఇవ్వవని నాకు తరవాత తెలిసింది. సలహా ఉచితమని బోర్డు మీద ఎందుకు రాసి ఉందో అప్పుడు బోధపడింది.

ఇంటికి వచ్చి, పరీక్షల డ్యూటీల నాటి నుంచి బీరువాలో మిగిలిపోయిన అడిషనల్ షీట్లు తీసి, పెన్సిల్‌తో గళ్లు గీశాను. మొదటి గడి మొత్తం ఖర్చు. రెండో గడి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారు. ఈ రెండూ అందరూ వేసుకునేవే. మూడో గడి నేను అర్థశాస్త్రం చెప్పినవాణ్ని కావడం వల్ల కలిపాను: ఆ ఉండనివ్వడానికి పూచీ ఏది? రెండు దేశాలు సంతకాలు పెట్టుకున్న కాగితం మీద ఉందా, ఆ దేశం తానే చేసుకున్న చట్టంలో ఉందా, ఒక మంత్రిత్వ శాఖ ఉత్తర్వులో ఉందా? అప్పు తీసుకునే వాడికి వడ్డీ రేటు కంటే అది మారే వడ్డీనా, మారని వడ్డీనా అన్నదే ముఖ్యం. ఇదీ అంతే.

మొదట కెనడా గడి నింపాను. 2018 నుంచి మన విద్యార్థులకు త్వరగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ అనే పద్ధతి అప్పట్లో అక్కడ ఉండేది. పది వేల కెనడా డాలర్లు అక్కడి బ్యాంకులో ముందుగా వేసి, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వచ్చిన మార్కు చూపితే వారాల్లో వీసా వచ్చేది. మా వీధిలోనే ఇద్దరు అలా పోయారు. పూచీ గడిలో మాత్రం రాయడానికి ఏమీ దొరకలేదు. అది ఆ దేశం ఇచ్చిన సౌకర్యమే తప్ప మనతో రాసుకున్న ఒప్పందం కాదు. ఆ సెప్టెంబరులో రెండు దేశాల మధ్య మాటలు చెడి, అక్టోబరులో కెనడా తన దౌత్య సిబ్బందిలో 41 మందిని వెనక్కి తీసుకుంది. 2024 జనవరి నుంచి ముందుగా చూపాల్సిన సొమ్ము 20,635 డాలర్లయింది. ఆ నెలలోనే విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టారు. నవంబరు 8న ఎస్‌డీఎస్‌నే మూసేశారు. మేము కెనడా వద్దనుకున్నది వివేకంతో కాదు, మాటలు చెడిన ఆ సెప్టెంబరులో పేపర్లు చూసి భయపడి వద్దనుకున్నాం.

ఆస్ట్రేలియా గడి దగ్గర చాలా రోజులు ఆగాను. 2022 ఏప్రిల్ 2న సంతకాలై, డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆర్థిక సహకార, వాణిజ్య ఒప్పందాన్ని వాణిజ్య మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో తెరిచి, అమ్మాయి చదువు సంగతి ఎక్కడుందో వెతుకుతూ పోతే ముందు వైన్ తగిలింది. సీసా 5 అమెరికా డాలర్ల పైన ధర పలికే వైన్ మీద మన సుంకం 150 శాతం నుంచి 100కు, 15 డాలర్లు దాటిన దాని మీద 75కు తగ్గుతుంది. ఉన్ని ఉంది, గొర్రె మాంసం ఉంది, బొగ్గు ఉంది. వీటన్నిటి తరవాత, మన దేశం నుంచి వెళ్లి అక్కడ మాస్టర్స్ చేసిన వారికి మూడేళ్లు, పీహెచ్‌డీ చేసిన వారికి నాలుగేళ్లు ఉండి పని చేసుకునే వీలు ఉంది. నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మా ఆవిణ్ని పిలిచాను. "చూడు, వాళ్ల సారాయికి మనం సుంకం తగ్గిస్తే, మన పిల్లకు వాళ్లు మూడేళ్లు ఇచ్చారు" అన్నాను. "పిల్లను సారాయితో తూకం వేస్తారా ఎవరన్నా" అని ఆమె లోపలికి పోయింది. ఒప్పందం రాసేవాళ్లు వేసేది ఆ తూకమేనని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మూడేళ్ల పూచీ ఎంత గట్టిదో మరుసటి ఏడాది కళ్లారా చూశాం. 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియా చదువు తరవాత ఉండే కాలాన్ని కుదించి, తరగతి పాఠాలతో చేసే మాస్టర్స్‌కు రెండేళ్లే అంది. భారతీయులకు మాత్రం ఒప్పందంలోని మూడేళ్లు అలాగే మిగిలాయి. అదే రోజు వీసా రుసుము 710 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 1,600కు పెరిగింది, అందులో మనకు మినహాయింపు లేదు. ఏళ్ల మీద సంతకం ఉంది, రుసుము మీద లేదు. మంచి ఒప్పందం చేతికి వస్తే మనవాళ్లు అన్ని తలుపులూ తెరుచుకున్నట్టు మాట్లాడతారు. నిజానికి రాసిన అక్షరం వరకే అది కాపాడుతుంది. అయినా ట్యూషన్, తిండి, బస కలిపి రెండేళ్లకు మాకు తేలిన లెక్క డెబ్భై లక్షలకు దగ్గరగా వచ్చింది. పూచీ గడి ఎంత బాగున్నా, మొదటి గడి దగ్గరే ఆస్ట్రేలియా పోయింది.

బ్రిటన్ గురించి ఎక్కువ ఆలోచించలేదు. ఏడాదిలో ముగిసే అక్కడి మాస్టర్స్‌ను మన మాస్టర్స్‌తో సమానంగా గుర్తించడానికి 2022 జులైలో రెండు ప్రభుత్వాలు రాసుకున్నాయి; అధ్యాపకుడిగా అది నాకు సంతోషం కలిగించిన విషయమే, కానీ ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం లాంటి వృత్తి డిగ్రీలు అందులోకి రావు. చదువయ్యాక ఇచ్చే రెండేళ్లు కూడా ఆ దేశం నియమాల్లోనివే. 2027 జనవరి నుంచి వాటిని ఏడాదిన్నరకు తగ్గిస్తున్నారు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మా ఊరి నుంచి మొదట విదేశంలో చదివిన మనిషి అమెరికా పోలేదు, సోవియట్ యూనియన్ పోయాడు. నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. విశాలాంధ్ర వ్యాను ఊరికి వస్తే మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు రెండు మూడు రూపాయలకే దొరికేవి. ఆయన చేరింది ఇంజినీరింగ్‌లో, వాళ్ల నాన్న చేతి నుంచి పెట్టింది దారి ఖర్చులే. అంత చవగ్గా ఎట్లా చదివించారని మేము ఆశ్చర్యపోయేవాళ్లం. రెండు దేశాల మధ్య వ్యాపారం రూపాయల్లో జరిగేదని, భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం 1955లో, మాస్కోలో విదేశీ విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయం 1960లో ఒకదాని వెంట ఒకటి వచ్చాయని ఎం.ఏ.లో చదువుకున్నప్పుడుగానీ నాకు తెలియలేదు. 1991 తరవాత ఆ దారి మూసుకుపోయింది. ఆ తరం పిల్లలకు రష్యన్ మీద మోజు తగ్గలేదు, దాని వెనక ఉన్న వ్యాపారం పోయింది, అంతే.

మా జిల్లాలో దీనికి ఈ కాలపు ఉదాహరణ పెనుకొండ. దక్షిణ కొరియాతో మనకు 2010 జనవరి 1 నుంచి సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఉంది. 2017 ఏప్రిల్‌లో కియా కార్ల కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఎర్రమంచి దగ్గర కర్మాగారం పెట్టింది. 2019 ఆగస్టుకు కార్లు బయటికి వచ్చాయి. పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది గానీ మాకింకా అనంతపురమే. కొరియా వాళ్లు వచ్చి ఇళ్లు అద్దెకు తీసుకున్నాక, నా దగ్గర బీకాం చదివిన ఒక కుర్రాడు వాళ్ల భాష నేర్చుకుని దుబాసీగా కుదిరాడు. అతడు మా ఇంటికి వచ్చి అమ్మాయితో అరగంట మాట్లాడాడు. కొరియా ప్రభుత్వం ఇచ్చే జీకేఎస్ స్కాలర్‌షిప్‌లో విమానం టికెట్‌తో సహా అన్నీ ఇస్తారని, మొదటి ఏడాది భాష నేర్పుతారని, 2027 నాటికి మూడు లక్షల మంది విదేశీ విద్యార్థులను రప్పించాలని 2023 ఆగస్టులో వాళ్లు లక్ష్యం పెట్టుకున్నారని చెప్పాడు. అమ్మాయికి నచ్చింది. అయితే ఆ స్కాలర్‌షిప్‌కు పోటీ ఎక్కువ, ఫలితం తేలేదాకా మిగతా దారులు ఆపుకోవాలి, భాషకు ఒక ఏడాది అదనంగా పోతుంది. షీట్ మీద కొరియాను కొట్టేయలేదు, ప్రశ్న గుర్తు పెట్టి వదిలేశాను.

జర్మనీ చివరికి మిగిలింది కాదు, మూడు గడులూ నిండి మిగిలింది. 2022 డిసెంబరు 5న ఢిల్లీలో రెండు దేశాల విదేశాంగ మంత్రులు వలస, రాకపోకల భాగస్వామ్య ఒప్పందం మీద సంతకాలు చేశారు. విద్యార్థుల చదువు పత్రాలను పరిశీలించే కేంద్రం ఢిల్లీలో ఉండాలని, చదువయ్యాక 18 నెలలు ఉండనివ్వాలని, ఏడాదికి 3,000 మందికి ఉద్యోగం వెతుక్కునే వీసాలు ఇవ్వాలని అందులో ఉంది. వీటి పక్కనే, అక్కడ అనుమతి లేకుండా ఉంటున్న మనవాళ్లను వెనక్కి తీసుకునే పద్ధతిని సులువు చేస్తామని మన దేశం ఇచ్చిన మాట కూడా ఉంది. చదువుకున్న పిల్లలు వెళ్లే తలుపు, కాగితాలు లేని కూలీలు తిరిగొచ్చే తలుపు ఒకే కాగితంలో ఉండటం నాకు కొంత ఇబ్బంది కలిగించింది. ఎవరి కష్టానికి బదులుగా ఎవరికి వీలు దొరుకుతోందో ఆ రోజంతా ఆలోచించాను. జర్మనీకి ఉన్న అవసరం మాత్రం తేటగా ఉంది: అక్కడ వయసు మీరుతున్న వాళ్లు ఎక్కువ, పని చేసే చేతులు తక్కువ. ట్యూషన్ లేకుండా పరాయి దేశం పిల్లలను చదివించడం దానధర్మం కాదు. చదువయ్యాక అక్కడే నిలిచే వాడికి నేర్పు, భాష, పన్ను కట్టే అలవాటు మూడూ ముందే వచ్చి ఉంటాయి.

ట్యూషన్ లేదన్న మాటలోనూ మెలికలున్నాయి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి వారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 చలికాలపు సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు నాలుగు నుంచి ఆరు వేల యూరోలు పెట్టింది. అందుకే మేము పేరున్న ఊళ్లను వదిలి సాక్సనీ రాష్ట్రం వైపు చూశాం.

2024 జనవరిలో మా ఏపీఎస్ పని మొదలైంది. ఏపీఎస్ అంటే ఇందాక చెప్పిన ఢిల్లీలోని పరిశీలన కేంద్రం; అది ఇచ్చే ధ్రువపత్రం లేనిదే భారతీయ విద్యార్థి వీసాకు దరఖాస్తు చేయడానికి లేదు. 2022 నవంబరు 1 నుంచి ఇది తప్పనిసరి. రుసుము 18,000 రూపాయలు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఎనిమిది సెమిస్టర్ల మెమోలు, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు నకళ్లు డైనింగ్ టేబుల్ మీద వరసగా పరిచాం. పదో తరగతి మెమోలో ఇంటి పేరు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. నా పేరు ఒకచోట 'రెడ్డి'తో ఉంది, ఒకచోట లేదు. అమ్మాయి ప్రతి కాగితం మూలకూ పెన్సిల్‌తో చిన్న అంకె వేసి, తేడా ఉన్న చోటల్లా పసుపు చీటీ అతికించి, ఇద్దరూ ఒకే మనిషి అని ఒక అఫిడవిట్ రాయించింది. హెడ్ పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ కౌంటర్ గుమాస్తా కవరు తూకం వేసి, అందులో ఏముందని అడిగాడు. "మా అమ్మాయి ఇరవై ఏళ్ల చదువప్పా" అన్నాను. అతడు నవ్వకుండా స్టిక్కర్ అంటించాడు.

కొన్ని వారాల్లో ధ్రువపత్రం వచ్చింది. ఆమె చదివిన కళాశాల దగ్గర మాత్రం నెల రోజులు తిరగాల్సి వచ్చింది. జర్మనీలో మార్కు ఎంత తక్కువైతే అంత మంచిది. గరిష్ఠ పాయింట్ల నుంచి మన పాయింట్లు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ కావడానికి కావాల్సిన కనిష్ఠానికీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలపాలి. మా అమ్మాయి 8.0కు పాస్ కనిష్ఠం 5 అయితే 2.2, కనిష్ఠం 4 అయితే 2.0 వస్తుంది. మెమో వెనక ఆ కనిష్ఠం అచ్చయి లేదు. ఆ ఒక్క అంకె లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడిగితే, ఆఫీసులో ఉన్నాయన "ఇంతవరకు ఎవరూ అడగలేదే" అని నాలుగుసార్లు తిప్పి పంపాడు. ఐదోసారి నేను వెళ్లి, నా దగ్గర చదివిన అధ్యాపకుడొకరు కనిపిస్తే పని అయింది. నాకు తెలిసిన మనిషి ఉన్నాడు కాబట్టి అయింది. లేని తండ్రి ఏం చేసి ఉండేవాడో తెలియదు.

మార్చిలో, అక్కడి విశ్వవిద్యాలయాల తరఫున విదేశీ విద్యార్థుల దరఖాస్తులు తీసుకునే యూని-అసిస్ట్ ద్వారా ఐదు దరఖాస్తులు పెట్టాం. మొదటిదానికి 75 యూరోలు, తరవాత ఒక్కోదానికి 30, మొత్తం 195. జూన్ రెండో వారంలో సాక్సనీలోని కెమ్నిట్జ్ ఊరి విశ్వవిద్యాలయం నుంచి ఎంబెడెడ్ సిస్టమ్స్ మాస్టర్స్‌కు ప్రవేశం వచ్చింది. ఆ ఊరి పేరు 1990 దాకా కార్ల్ మార్క్స్ నగరమని, అంటే మా ఊరి ఇంజినీరు చదివిన కాలంలో అది కూడా సోవియట్ పక్షపు ఊరేనని అమ్మాయికి చెబితే, "నాన్నా, అక్కడ చలి ఎంతుంటుందో చెప్పు చాలు" అంది.

బ్యాంకులో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు కావాలి. పొలం పత్రాలు తీసుకుపోతే మేనేజరు చూడకుండానే పక్కన పెట్టాడు. బాకీల వసూలుకు బ్యాంకులు వాడే 2002 చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకని వాళ్లు దాన్ని తాకట్టుగా ఇష్టపడరు. ఇల్లు పెట్టాను. తరవాత గుమాస్తా దరఖాస్తును కంప్యూటర్లో ఎక్కిస్తూ ట్యూషన్ ఫీజు దగ్గర ఆగిపోయాడు. అక్కడ సున్నా కొడితే ఆ తెర ముందుకు కదలదు. ఫీజు లేని కోర్సుకు అప్పెందుకు అని అతడి సందేహం, బతకడానికి అని నా జవాబు. రెండు వారాలు ఆ సున్నా మీదే నడిచాయి. చివరికి సెమిస్టర్‌కు కట్టే చందా, మూడు వందల యూరోల లోపు ఉంటుంది, దాన్నే ట్యూషన్ గడిలో వేసి ఒప్పించాం. మన బ్యాంకుల ఫారాలు అమెరికా చదువును చూసి తయారైనవి. దేశాల మధ్య ఒప్పందం మారినా ఫారం మారడానికి ఇంకా కాలం పడుతుంది.

ఆ అప్పులో పెద్ద భాగం, వీసా కోసం బతుకు ఖర్చు ముందే వేసి చూపాల్సిన బ్లాక్డ్ అకౌంట్‌కు పోయింది. అప్పటి లెక్కన 11,208 యూరోలు, నెలకు 934 చొప్పున అక్కడికి వెళ్లాక విడుదలవుతాయి. సెప్టెంబరు నుంచి అది 11,904 అయింది. రూపాయల్లో పది లక్షల పైచిలుకు. ఆ ఏడాది నిబంధన ప్రకారం విదేశానికి పంపే సొమ్ము ఏడు లక్షలు దాటితే పై మొత్తం మీద టీసీఎస్ అనే పన్ను పంపేటప్పుడే ముందుగా పట్టేవారు: సొంత డబ్బయితే 5 శాతం, విద్యా రుణమైతే అర శాతం. సొంత డబ్బయితే పదిహేను వేల చిల్లర, అప్పయితే పదిహేను వందల చిల్లర. ప్రావిడెంట్ ఫండ్‌లోని సొమ్ము ముందు పంపుదామనుకున్న నేను ఈ లెక్క చూసి ఆలోచన మార్చుకున్నాను. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పది లక్షలైంది, రుణం మీద టీసీఎస్ తీసేశారు. పాఠంలో పెట్టుబడుల కదలికపై నియంత్రణలు అని పది మార్కుల ప్రశ్నగా ఇచ్చేవాణ్ని, అదే ఇది.

వీసాకు హైదరాబాద్ వెళ్లాం. మాకు బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల చిల్లర, అక్కడా జర్మన్ కాన్సులేట్ ఉంది, కానీ ఆంధ్రప్రదేశ్ వాళ్లం చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తాం, దాని తరఫున కాగితాలు తీసుకునే కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. కాగితాలు ఇచ్చింది జులైలో, పాస్‌పోర్టు తిరిగొచ్చింది సెప్టెంబరు మూడో వారంలో. ఆ మధ్య మా ఆవిడ చెనక్కాయ పొడి రెండుసార్లు కొట్టింది, మొదటిది ఎదురుచూపుల్లోనే అయిపోయింది. దేవనహళ్లి విమానాశ్రయం నుంచి అమ్మాయిని పంపి వస్తుంటే దారిలో పెనుకొండ దగ్గర కార్లు మోసుకుపోయే పొడుగాటి లారీలు వరసగా నిలిచి ఉన్నాయి.

అక్టోబరు చివర్లో జర్మనీ ఛాన్సలర్ ఢిల్లీ వచ్చినప్పుడు, భారతీయులకు ఏడాదికిచ్చే వీసాలు 20 వేల నుంచి 90 వేలకు పెంచుతున్నట్టు టీవీల్లో వచ్చింది. ఆ సాయంత్రం నాకు ఎనిమిది ఫోన్లు వచ్చాయి, అభినందనలని. అది నైపుణ్యమున్న ఉద్యోగులకిచ్చే వీసాల సంఖ్య, విద్యార్థులకు దానితో నేరుగా సంబంధం లేదని ఒక్కొక్కరికీ చెప్పాను. ఎవరూ ఒప్పుకోలేదు. మరుసటి వారం సప్తగిరి సర్కిల్ కన్సల్టెన్సీ ముందు జర్మనీ జెండాతో కొత్త ఫ్లెక్సీ వెలిసింది.

ఒప్పందం ఇచ్చిందీ ఇవ్వనిదీ అమ్మాయి అక్కడికి వెళ్లాక విడివిడిగా తెలిసింది. చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు, అది చట్టం. ఆ పని ఇచ్చే వాడు కావాలి, అది మార్కెట్టు. 2023, 2024 రెండేళ్లూ జర్మనీ ఆర్థిక వ్యవస్థ పెరగకపోగా తగ్గింది. ఆమె ప్రతి దరఖాస్తుకూ వచ్చిన జవాబులో భాష సంగతే ఉంది. కన్సల్టెన్సీ అమ్మాయి తన కమీషన్ కోసం చెప్పినా, భాష విషయంలో చెప్పింది అబద్ధం కాదని ఒప్పుకోవాలి. ఏడు నెలలకు, జర్మన్ భాషలో బీ1 అనే మధ్యస్థాయి పూర్తయ్యాక, సెన్సర్లు చేసే ఒక చిన్న కంపెనీలో వారానికి ఇరవై గంటల పని దొరికింది. వసతి గృహం వంటగదిలో తెలుగే ఎక్కువ వినబడుతోందట. 2023-24 చలికాలపు సెమిస్టర్‌కే అక్కడ భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు, ఏ ఇతర దేశం వాళ్లకన్నా ఎక్కువ. డాలస్ వీధి ఎట్లా తయారైందో అట్లాగే ఇదీ తయారవుతోంది. కాకపోతే దీనికి మొదటి రాయి వేసింది బంధువులు కాదు.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చిన రెండో రోజు, డాలస్ నుంచి మా ఆవిడ మేనల్లుడు ఫోన్ చేశాడు. అతడికి ఉద్యోగం ఉంది, ఆ భయం లేదు. ధర్మవరంలో బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న తమ్ముడి కోసం అడుగుతున్నాడు. "మామయ్యా, ఆ ఏపీఎస్‌కు ఎన్ని వారాలు పడుతుంది? మీరేదో టేబుల్ వేశారంట కదా, బావ కూతురని కాదు గానీ వాడికీ పనికొస్తుందేమో" అన్నాడు. "బావ కూతురేంట్రా, అది నీకు మరదలు" అని దిద్ది, బీరువా లోంచి అడిషనల్ షీటు తీశాను. ఫోటో తీసి పంపే ముందు, ఆస్ట్రేలియా వీసా రుసుము దగ్గర 1,600 కొట్టేసి 2,000 అని రాశాను. అమెరికా వరసలో మూడో గడి ఖాళీగానే ఉంది.